పియాజే అడిగిన ప్రశ్న – పిల్లవాడు విన్న ప్రశ్న

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారిలో పియాజే పేరు విననివారుండరు. పుట్టుక మొదలు 2 ఏండ్ల వరకు ఇంద్రియ చాలక దశ, 2 నుండి 7 వరకు పూర్వ ప్రచాలక దశ, 7 నుండి 11 వరకు మూర్త ప్రచాలక దశ, ఆపైన అమూర్త ప్రచాలక దశ – ఈ నాలుగు గళ్ళ పట్టికను కంఠస్థము చేయనిదే పరీక్ష గట్టెక్కుట కష్టము. విద్యాహక్కు చట్టము ననుసరించి 2011లో మొదలైన ఉపాధ్యాయ అర్హత పరీక్షలో 150 ప్రశ్నలకు 30 ప్రశ్నలు శిశు వికాసమునకు, బోధనకు సంబంధించినవి. ఆ భాగమునకు చదువువారు తరచుగా మొదట వల్లెవేయునది ఈ పట్టికనే.

పట్టిక తప్పని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. అది ఏ ప్రయోగముల మీద నిలచియున్నదో, ఆ ప్రయోగములలో పిల్లలను ఏమని అడిగిరో, పిల్లలు ఆ ప్రశ్నను ఏమని గ్రహించిరో పట్టికలో కనబడదు. వయస్సులు మిగిలినవి, ప్రశ్నలు రాలిపోయినవి. అందుచేత పిల్లవాడు ఒక లెక్క తప్పు చేయగానే "వీడింకా ఆ దశకు రాలేదండీ" అని తీర్పు చెప్పి ఊరకుండు అలవాటు మనలో కొందరికి కలిగినది. ఆ తీర్పు వలన ఆ పిల్లవానికి ఆ పాఠము మరల చెప్పువారుండరు. కనుక తీర్పునకు ఆధారమైన సాక్ష్యమును ఒకసారి విచారింపవలసియున్నది.

జీన్ పియాజే 1896లో స్విట్జర్లాండులోని నూషాటెల్ పట్టణమున జన్మించెను. ఆయన మొదట జీవశాస్త్రజ్ఞుడు. నత్తలను, వాని గుల్లలను పరిశీలించుట ఆయనకు బాల్యము నుండియు ప్రీతి; 1918లో డాక్టరు పట్టము పొందినదియు వాని పైనే. తరువాత పారిస్ నగరములో, బినేతో కలసి తొలి బుద్ధి పరీక్షలను తయారుచేసిన సిమోన్ వద్ద, పిల్లల తర్కశక్తిని కొలుచు ప్రశ్నలను ప్రమాణీకరించు పని ఆయనకు లభించెను. ఆ పనికి కావలసినది ఒప్పు జవాబుల లెక్క మాత్రమే. పియాజే దృష్టి తప్పు జవాబుల మీద పడెను. ఒకే వయస్సు పిల్లలు ఒకే తీరున తప్పు చేయుచున్నారే, దీనికి కారణమేమి అని ఆయన ఆలోచించెను. ఈ ఒక్క ఆలోచనకే ఆయనకు నమస్కరింపవచ్చును. మనము ఎర్ర సిరాతో కొట్టివేసి మరచిపోవు జవాబును ఆయన వ్రాసిపెట్టుకొని, "అట్లెందుకు అనుకొన్నావు?" అని మరల అడిగెను. 1921లో జెనీవా చేరినది మొదలు 1980లో మరణించువరకు ఆయన చేసిన కృషి అంతయు ఈ పరిశీలన నుండి పుట్టినదే.

ఆయన ప్రయోగములలో మిక్కిలి ప్రసిద్ధమైనదానిని ఎవరింటిలోనైనను చేసి చూడవచ్చును. ఒకే పరిమాణము గల రెండు గ్లాసులలో సమముగా నీళ్ళు పోసి, రెండును సమానమేనా అని అయిదేండ్ల పిల్లను అడుగుడు. సమానమే అనును. ఆమె చూచుచుండగనే ఒక గ్లాసులోని నీటిని సన్నని పొడుగు గ్లాసులోనికి వంచి మరల అడుగుడు. "దీనిలోనే ఎక్కువ" అని పొడుగు గ్లాసును చూపును. గింజలతో చేసినను ఇంతే. రెండు వరుసలలో సమసంఖ్యలో గింజలు పేర్చి, ఒక వరుసను ఎడముగా జరిపినచో, పొడవైన వరుసలోనే ఎక్కువ గింజలున్నవని చిన్నపిల్లలు చెప్పుదురు. రూపము మారినను పరిమాణము మారదన్న ఎరుకకు మన శిక్షణ గ్రంథములలో 'పదిలపరచుకొను భావన' అని పేరు. అది సుమారు 7 ఏండ్లకు ముందు లేదని పియాజే నిర్ణయము.

నేనును మా మనుమరాలితో చింతగింజలు పేర్చి చూచితిని. మొదటిసారి చటుక్కున జవాబు చెప్పినది. ఒక వరుసను జరిపి రెండవసారి అడుగగా ఆ పిల్ల గింజల వంక చూడలేదు. నా ముఖము వంక చూచినది. ఆ తరువాతనే పొడుగు వరుస మీద వేలు పెట్టినది. ఒక పిల్లతో ఏమియు ఋజువు కాదు. కాని ఆ చూపు ఇరువది యేండ్లు బడిలో పనిచేసినవానికి పరిచితమైనది. తరగతిలో ఒక ప్రశ్న వేసి, జవాబు వచ్చిన తరువాత మనము అదే ప్రశ్నను మరల ఎప్పుడు వేయుదుము? మొదటి జవాబు తప్పయినప్పుడు. "సరిగ్గా ఆలోచించి చెప్పరా" అన్న మాటకు 'జవాబు మార్చు' అని అర్థమని మన పిల్లలందరికిని తెలియును. పియాజే ప్రయోగములోనో, పెద్దమనిషి ఒకడు గింజలను బుద్ధిపూర్వకముగా జరిపి అదే ప్రశ్నను రెండవసారి వేయుచున్నాడు. పిల్లవాడు గింజలను గూర్చి తప్పుగా అనుకొన్నాడా, పెద్దమనిషిని గూర్చి ఒప్పుగా అనుకొన్నాడా?

ఈ సందేహము నా ఒక్కనిదే కాదు. 1974లో సూసన్ రోజ్, మేరియన్ బ్లాంక్ అనువారు మొదటి ప్రశ్నను తీసివేసి, గింజలను జరిపిన తరువాత ఒకేసారి అడిగి చూచిరి. అట్లడిగినపుడు ఆరేండ్ల పిల్లలు తక్కువ తప్పులు చేసిరి. అదే కాలమున ఎడిన్‌బరోలో జేమ్స్ మెక్‌గారిగిల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇంకొక ఉపాయము పన్నిరి. వరుసను జరుపునది పరీక్షకుడు కాదు, పెట్టెలో నుండి దుమికి వచ్చి ఆటను పాడుచేయు ఒక కొంటె ఎలుగుబంటి బొమ్మ. బొమ్మ అల్లరి చేసి పోయిన తరువాత అడిగినచో, నాలుగు నుండి ఆరేండ్ల పిల్లలలో చాల ఎక్కువమంది రెండు వరుసలును సమానమే అనిరి. గింజలు అవియే, ప్రశ్న అదియే. జరిపినవారు మారగనే ప్రశ్నకు గల అర్థము మారినది.

ఇంతకు ముందే, 1966లో ప్రకటించిన పరిశోధనలో, పెట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ ఆఫ్రికాలోని సెనెగల్ దేశమున వోలోఫ్ పిల్లలతో నీటి ప్రయోగము చేసెను. బడికి పోని పిల్లలలో కొందరు నీరు ఎక్కువైనదని చెప్పుచు, "మీరు పోశారు కదా" అని కారణము చెప్పిరి. పెద్దవారి చేతిలో ఏదో శక్తి యున్నదని వారి భావము. అపుడామె నీటిని పిల్లలచేతనే పోయించెను. నీరు మారలేదని చెప్పువారి సంఖ్య పెరిగెను. ఇంకొక సంగతి ఉపాధ్యాయులకు మరింత ఉపయోగించును. "నీవు అట్లెందుకు అనుకొనుచున్నావు?" అని అడిగినపుడు ఆ పిల్లలు నోరు మెదపలేదు. "అది అట్లెందుకున్నది?" అని అడిగినపుడు మాట్లాడిరి. తన ఆలోచనకు తాను సంజాయిషీ చెప్పుకొనుట బడిలో నేర్చు విద్య. అది రానివానికి ఆలోచనయే లేదనుకొనుట మన పొరపాటు.

ఈ విమర్శలను క్రోడీకరించి మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978లో పిల్లల మనస్సులను గూర్చి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. దానిలో ఆమె పేర్కొన్న ప్రయోగములలో ఒకటి మూడు కొండల బొమ్మకు పోటీగా ఏర్పడినది. పియాజే, ఇన్‌హెల్డర్ కలసి చేసిన ప్రయోగములో బల్లమీద మూడు కొండల నమూనా నుంచి, అవతలివైపున కూర్చున్న బొమ్మకు ఆ దృశ్యమెట్లు కనబడునో చిత్రములలో ఏరి చూపుమని అడిగెదరు. చిన్నపిల్లలు తమకు కనబడు దృశ్యమునే చూపుదురు. అన్యుల దృష్టితో చూడలేకపోవుటయే దీనికి కారణమని పియాజే భావించెను. మార్టిన్ హ్యూస్ కొండలను తీసివేసి, కూడిక గుర్తు ఆకారమున రెండు గోడలు నిలిపెను. ఇద్దరు పోలీసు బొమ్మలను వేర్వేరు చోట్ల నిలిపి, వారిద్దరికిని కనబడకుండ కుర్రవాని బొమ్మను దాచుమనెను. మూడున్నర నుండి 5 ఏండ్ల వయస్సు గల 30 మంది పిల్లల జవాబులలో 90 శాతము సరియైనవి. దాగుడుమూతలాడని పిల్లలు ఏ దేశములో ఉందురు? కొండల మీద నుండి దృశ్యములను పోల్చవలసిన అవసరము మాత్రము వారికెన్నడును కలిగియుండదు.

మెక్‌గారిగిల్ చేసిన ఇంకొక ప్రయోగము ప్రశ్నలోని ఒక్క మాట బలమును చూపును. నాలుగు బొమ్మ ఆవులు; మూడు నల్లవి, ఒకటి తెల్లది. అన్నిటిని పక్కకు పడుకోబెట్టి, నిద్రపోవుచున్నవని చెప్పిరి. "నల్ల ఆవులెక్కువా, ఆవులెక్కువా?" అని అడుగగా సుమారు ఆరేండ్ల పిల్లలలో 25 శాతము సరిగా చెప్పిరి. "నల్ల ఆవులెక్కువా, నిద్రపోయే ఆవులెక్కువా?" అని అడుగగా 48 శాతము. మొదటి ప్రశ్న పెద్దవారు సైతము ఒక క్షణము తడబడునట్టిది. నల్లవానితో తెల్లవానిని పోల్చుమన్నారని అనుకొనుట సహజము.

అసలు పిల్లలు అర్థములేని ప్రశ్నకు కూడ జవాబు చెప్పుదురు. హ్యూస్, గ్రీవ్ అనువారు 1980లో ప్రకటించిన పరిశోధనలో అయిదేండ్ల, ఏడేండ్ల పిల్లలను "పాలు నీళ్ళకంటె పెద్దవా?", "ఎరుపు పసుపుకంటె బరువా?" అని అడిగిరి. నవ్వి ఊరకుండిరా? లేదు. దాదాపు అందరును గంభీరముగా జవాబు చెప్పిరి. పెద్దవారు అడిగినారనిన దానికి జవాబొకటి ఉండియే తీరవలెనని వారి నమ్మకము. "అర్థమయిందా?" అని మనము అడుగగా తరగతియంతయు ఒక్క గొంతుతో "అయింద"నునపుడు దీనిని జ్ఞాపకము చేసికొనవచ్చును.

ఇంతవరకు చదివినవారికి పియాజే ఓడిపోయెనని తోచవచ్చును. అట్లు వ్రాసినవారు లేకపోలేదు. వారితో నాకు పేచీ కలదు. మొదటి సంగతి, పిల్లల జవాబులన్నియు ఒకే విలువ గలవి కావని పియాజేయే 1926 నాటి గ్రంథములో హెచ్చరించెను. విసుగుతో ఏదో చెప్పిన జవాబు, కల్పించి చెప్పిన జవాబు, అడిగినవాని సూచనను పట్టి చెప్పిన జవాబు, స్వతస్సిద్ధమైన జవాబు – వీనిని వేరుచేయవలెనని ఆయన వివరించెను. గురువు హెచ్చరికను మరచి పట్టికను మాత్రము పట్టుకొన్నది అనుయాయులే. రెండవది, విమర్శకుల ప్రయోగములును విమర్శకు అతీతములు కావు. 1986లో మూర్, ఫ్రై అనువారు కొంటె ఎలుగుబంటి చేత నిజముగనే సంఖ్యను మార్పించిరి. అపుడును పిల్లలు మార్పును గుర్తింపక తప్పిరి. అనగా బొమ్మ అల్లరి చూచు వేడుకలో పిల్లలు గింజల సంగతియే గమనించి యుండకపోవచ్చును! పోలీసుల ఆట కూడ కొండల ప్రశ్నకు సరియైన జోడు కాదు. 'అతనికి కనబడునా, కనబడదా' అన్నది ఒక మెట్టు. 'అతనికి ఎట్లు కనబడును' అన్నది దానిపై మెట్టు. ఈ భేదమును జాన్ ఫ్లావెల్ స్పష్టముగా చూపెను. క్రింది మెట్టు ఎక్కినవాడు పై మెట్టు కూడ ఎక్కినాడని చెప్పరాదు.

జ్ఞాపకశక్తి విషయమునను ఇట్టిదే కథ. ఇస్తోమినా అను రష్యను పరిశోధకురాలు 1948లో, పిల్లలు అంగడి ఆటలో తేవలసిన సరకుల పేర్లను, పాఠముగా చెప్పిన పేర్లకంటె బాగుగా జ్ఞాపకముంచుకొందురని ప్రకటించెను. వినుటకు ఎంతో ఇంపుగనున్నది. ఆటలద్వారా బోధనకు ఇదియే ఆధారమని ఎందరో ఉదాహరించిరి. 1986లో వైస్‌బర్గ్, పారిస్ అనువారు మరల చేసి చూడగా ఫలితము తలక్రిందులయ్యెను. వారి పిల్లలు ఆటలోకంటె పాఠములోనే ఎక్కువ పేర్లు చెప్పిరి. కాబట్టి, ఇంపుగనున్నదని ఒక ఫలితమును నమ్మి, కటువుగనున్నదని ఇంకొకదానిని కాదనుట తగదు.

అన్యుల మనస్సును గ్రహించు శక్తిని గూర్చిన పరిశోధన ఈ వివాదమును చాలవరకు తేల్చినది. 1983లో హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ పిల్లలకొక కథ చెప్పిరి. మాక్సీ అను కుర్రవాడు చాక్లెట్టును ఒక అలమారులో దాచి ఆటకు పోవును. అతడు లేని సమయమున తల్లి దానిని వేరొక అలమారులో పెట్టును. తిరిగివచ్చిన మాక్సీ ఎక్కడ వెదకును? పెట్టినచోటనే వెదకునని మనకు తెలియును. మూడేండ్ల పిల్లలు చాక్లెట్టు ఇపుడున్న చోటును చూపుదురు. తమకు తెలిసినది మాక్సీకి తెలియదన్న ఊహ వారికి తోచదు. ఇక్కడను ప్రశ్నను మార్చి చూచినవారు కలరు. 1991లో సీగల్, బీటీ ఈ తరహా కథలో "మొట్టమొదట ఎక్కడ వెదకును?" అని ఒక్క మాట చేర్చగా మూడేండ్లవారు ఎక్కువమంది సరిగా చెప్పిరి. కాని 2001లో వెల్మన్, ఆయన సహచరులు 178 పరిశోధనలను ఒకచోట చేర్చి లెక్కకట్టిరి. ప్రశ్నను సులువు చేసినచో ఫలితము మెరుగగును, నిజమే. అయినను మూడేండ్లకును అయిదేండ్లకును నడుమ గల మార్పు చెరిగిపోలేదు. 2005లో భారతదేశము, కెనడా, పెరూ, సమోవా, థాయిలాండు పిల్లలతో చేసిన పరిశోధనలోను ఆ మార్పు ఇంచుమించు ఆ వయస్సుననే కనబడినది. అదే సంవత్సరము 15 నెలల శిశువుల చూపులను బట్టి వారికే ఈ ఎరుక కలదని ఒక పరిశోధన ప్రకటింపబడినది. అట్టి ఫలితములు తరువాత పలుచోట్ల మరల లభింపలేదు.

కనుక నా అభిప్రాయమిది. మార్పు నిజము, క్రమము నిజము. వయస్సుల గీతలు మాత్రము ప్రశ్న ఎట్లడిగినారన్న దానిమీద ముందునకు, వెనుకకు జరుగును. ఈ భేదము మన ఉన్నత పాఠశాలలకు వచ్చునప్పటికి మరింత ముఖ్యమగుచున్నది. పట్టిక ప్రకారము 11 ఏండ్లు దాటిన పిల్లవాడు అమూర్తముగా తర్కింపగలడు. ఇన్‌హెల్డర్, పియాజే 1955 నాటి గ్రంథములో దీనికి లోలకమును ఉదాహరణగా చూపిరి. దారము పొడవు, రాతి బరువు, వదలిన ఎత్తు, తోసిన బలము – వీనిలో ఊగు కాలమును మార్చునది ఏది? ఒక్కొక్కసారి ఒక్కదానినే మార్చి, మిగిలినవానిని మార్చకుండ ఉంచినవాడు ఈ దశకు చేరినవాడు. అయితే 1970ల దశకమున బ్రిటనులో వేలాది విద్యార్థులను ఇట్టి ప్రశ్నలతో పరీక్షింపగా, 16 ఏండ్లవారిలో సైతము ఈ దశను చేరినవారు మూడవ వంతునకు మించలేదు. పియాజే కూడ 1972లో ఈ దశ 15 నుండి 20 ఏండ్లలోపల రావచ్చుననియు, ఎవరికి పరిచయమైన వృత్తిలో, విషయములో వారికది కనబడుననియు ఒప్పుకొనెను. ఈ సవరణకు మన పట్టికలో చోటు దొరకలేదు. ఎనిమిదవ తరగతి పిల్లవానికి అనుపాతము అర్థము కానిచో పట్టికను చూచి వానిని మందబుద్ధి అనుట ఎంత అన్యాయమో దీనిని బట్టి ఊహింపవచ్చును.

విషయ పరిచయము వయస్సును ఎట్లు దాటిపోవునో చూపిన పరిశోధనలు చాల కలవు. 1978లో మిషెలీన్ చీ, చదరంగము బాగుగా ఆడు సుమారు పదేండ్ల పిల్లలను, ఆటలో అంతటి నేర్పు లేని పెద్దలతో పోల్చెను. బల్లమీది పావుల స్థానములను జ్ఞాపకముంచుకొనుటలో పిల్లలు గెలిచిరి. అంకెల వరుసలను జ్ఞాపకముంచుకొనుటలో పెద్దలే గెలిచిరి. 1985లో బ్రెజిల్ దేశములోని రెసీఫె నగరమున కొబ్బరికాయల వంటివి అమ్ము అయిదుగురు బాలబాలికల లెక్కలను పరిశీలింపగా, అంగడిలో 98 శాతము సరిపోయినవి. అవే లెక్కలను కాగితము మీద అంకెలుగా ఇచ్చినపుడు 37 శాతమే. అయిదుగురేనా అని ఆక్షేపింపవచ్చును. 2025లో ప్రకటింపబడిన పరిశోధన ఢిల్లీ, కలకత్తా సంతలలో పనిచేయు 1,436 మంది పిల్లల మీద జరిగినది. ఫలితము అదే దారిని చూపినది: నోటిలెక్కతో చిల్లర ఇచ్చువారు బడి లెక్కలో తడబడిరి. పక్కనున్న బడిపిల్లలో బడిలెక్కలు బాగుగా చేసిరి. కాని సంతలెక్కను సరిగా చేసినవారు వారిలో ఒక శాతమే. అదే లెక్కను పనిపిల్లలలో మూడవ వంతునకు పైగా చేసిరి.

శిక్షణ గ్రంథములను సవరించువారికి ఒక మనవి. పట్టికను తీసివేయనక్కరలేదు. ప్రతి గడి క్రిందను, ఆ దశను నిర్ణయించిన ప్రశ్న ఒకటి, అడిగిన మాటలు మాటలుగనే, దానికి పిల్లలు చెప్పు జవాబులు రెండు మూడు తప్పులతో సహా అచ్చువేయుడు. పక్కనే, ప్రశ్నను మార్చి అడిగినపుడు వచ్చిన జవాబును కూడ. నాలుగు గళ్ళకు నాలుగు పుటలు చాలును. శిక్షణార్థులు సెలవులకు ఇంటికి పోయినపుడు చింతగింజలు, రెండు గ్లాసులు, ఒక దారము, రాయి సంపాదించి, తమ ఇంటి పిల్లలను రెండు విధములను అడిగి జవాబులను వ్రాసికొని రావచ్చును.